మా పిన్ని మీద ఇరవై రెండు సెకన్లు

పోయిన నెల రెండో మంగళవారం పొద్దున బాబాయి ఫోన్ చేశాడు. నేను కార్లో ఉన్నాను, ఇక్కడ అమెరికాలో, మోరిస్‌విల్‌లో సిగ్నల్ దగ్గర. "అమ్మాయ్, పిన్ని లేదమ్మా," అన్నాడు. ఎక్కడికి వెళ్ళిందని అడిగాను. నిజంగానే అలా అడిగాను. ఆయన మళ్ళీ అదే మాట అన్నాడు. వెనక కారువాడు హారన్ కొడితే గాని లైట్ గ్రీన్ అయిందని నాకు తెలియలేదు.

బ్రెయిన్ స్ట్రోక్. అరవై రెండేళ్ళు. తను చూసుకునే ఒక పెద్దాయన ఇంట్లో, ఆయనకి టిఫిన్ తినిపిస్తూ కుర్చీలోంచి పక్కకి ఒరిగిపోయిందట. మంచం దిగలేని ఆ మనిషే ఎలాగో ఫోన్ అందుకుని అంబులెన్స్ పిలిచాడట.

మధ్యాహ్నానికల్లా మా అపార్ట్‌మెంట్ల వాట్సాప్ గ్రూపులో చేతులు జోడించిన బొమ్మలు వరుస కట్టాయి. "వెరీ సాఫ్ట్ లేడీ." "ఎప్పుడూ గొంతు పెంచి మాట్లాడని మనిషి." "ఎవరి జోలికీ పోని ఆంటీ." అవి చదువుతుంటే నాకు ఏడుపు రాలేదు, ఒళ్ళు మండింది. మా పిన్ని గొంతు పెంచింది. రోడ్డు పక్కన ఎండలో నిలబడి, అట్ట ముక్క పట్టుకుని, గొంతు బొంగురుపోయేదాకా అరిచింది. ఆ రోజు ఇదే గ్రూపులో ఎవరెవరు ఏం రాశారో నా ఫోన్లో ఇంకా ఉంది. ఆవిడ గురించి మంచి మాటలు చెప్పడానికి చాలామంది ఉన్నారు. జరిగింది చెప్పాల్సింది మాత్రం నేనే. ఎందుకంటే అందులో తప్పు సగం నాది.

పిన్ని మా అమ్మకి చెల్లెలు. ఖమ్మం పెద్దాసుపత్రిలో ఇరవై ఏళ్ళు స్టాఫ్ నర్సుగా చేసింది. ముందే అమెరికాలో స్థిరపడిన మామయ్య, అంటే వాళ్ళ అన్నయ్య, ఎప్పుడో పెట్టిన అప్లికేషన్‌కి ఆవిడ నలభై ఎనిమిదో ఏట గ్రీన్ కార్డు వచ్చింది. పిల్లలు లేరు. "ఇంతకాలం నిలబడి తెచ్చుకున్న టికెట్, సినిమా చూడకుండా ఎట్లా పోతాం?" అని బాబాయిని బయల్దేరదీసింది. ఇక్కడ ఆవిడ నర్సు చదువు చెల్లలేదు. మళ్ళీ పరీక్షలు రాయాలంటే ఇంగ్లీషు అడ్డం. బాబాయి ఇండియన్ గ్రోసరీలో కూరగాయల సెక్షన్‌లో చేరాడు. పిన్ని మాకు ఇరవై నిమిషాల దూరంలో ఉన్న ఒక నర్సింగ్ హోమ్‌లో అసిస్టెంట్‌గా చేరింది. ఇక్కడ నర్సింగ్ హోమ్ అంటే మన దగ్గరలా చిన్న ఆసుపత్రి అనుకోకండి. లేవలేని, తమ పని తాము చేసుకోలేని ముసలివాళ్ళు ఉండే చోటు. వాళ్ళకి స్నానాలు చేయించడం, తినిపించడం, డైపర్లు మార్చడం, ఒళ్ళు పుండ్లు పడకుండా గంట గంటకీ ఒత్తిగిల్లజేయడం, దుప్పటి కాలివేళ్ళని నొక్కకుండా పాదాల దగ్గర మడత పెట్టడం ఆవిడ పని. సాఫ్ట్‌వేర్ వాళ్ళ పార్టీల్లో ఎవరైనా "ఆంటీ, మీరు ఎక్కడ వర్క్ చేస్తారు?" అని అడిగితే, తడుముకోకుండా "ముసలోళ్ళ ముడ్డి కడుగుతానమ్మా," అనేది. అడిగినవాళ్ళు ప్లేట్ పట్టుకుని మరో గుంపులోకి జరిగిపోయేవాళ్ళు. పిన్నికి అదో సరదా.

ఆవిడకి ఒక అలవాటు ఉండేది. పని నుంచి వచ్చి, సోఫాలో కూర్చుని, మర్నాటి యూనిఫామ్‌కి ఊడిన బొత్తామో దారమో కుట్టుకుంటూ టీవీలో వార్తలు చూసేది. సౌండ్ మాత్రం తీసేసేది.

"ఇదేం చూడ్డం పిన్నీ?" అని నవ్వాను మొదటిసారి.

"వాళ్ళ ఇంగ్లీషు నాకు ఆగని బస్సు. ఎక్కలేను. బొమ్మలైతే చూడగలను కదా," అంది.

అలా చూసీ చూసీ ఆవిడకి ఒక కన్ను వచ్చింది. ఒకసారి ఎక్కడో ఏదో ఊళ్ళో జనం రోడ్డెక్కిన వార్త వస్తోంది. పిన్ని సూది ఆపి, "ఈ కెమెరా ఎప్పుడూ పోలీసోళ్ళ వెనకే నిలబడుతుంది, గమనించావా? అటు పక్కకి వెళ్ళి, ఆ జనం వెనక నిలబడి ఒక్కసారి చూపించొచ్చు కదా, ఈ పోలీసోళ్ళు ఎట్లా కనబడతారో," అంది.

"సేఫ్టీ కోసం పిన్నీ," అన్నాను నేను, తెలిసినదాన్ని కాబట్టి.

"ఎవరి సేఫ్టీ?" అంది.

నేను తెలిసినదాన్నే. హైదరాబాద్‌లో ఒక న్యూస్ ఛానెల్లో పదేళ్ళు పనిచేశాను. అక్కడ ఏ ఛానెల్ ఏ పార్టీదో, ఏ కాంట్రాక్టరుదో, ఎవరి బామ్మర్దిదో బడిపిల్లలకి కూడా తెలుసు. చూసేవాళ్ళు దానికి తగ్గట్టు తగ్గించుకుని చూస్తారు. మా ఆయన హెచ్-1బి వీసా మీద నేను ఇక్కడికొచ్చి, కొన్నేళ్ళకి వర్క్ పర్మిట్ తెచ్చుకుని, ఒక లోకల్ ఛానెల్లో ప్రొడ్యూసర్‌గా చేరినప్పుడు, హమ్మయ్య, ఆ మురికి వదిలింది అనుకున్నాను. ఆఫీసు గోడ మీద "మీ ఇరుగుపొరుగు మేమే" అని రాసి ఉండేది. సాయంత్రం వార్తలు చదివే యాంకర్ ఫోటో హైవే పక్కన పెద్ద బోర్డు మీద నవ్వుతూ ఉండేది. జనం ఆవిడని కిరాణా షాపులో ఆపి కౌగిలించుకునేవాళ్ళు. ఆ ఛానెల్‌ని నేను చేరడానికి రెండేళ్ళ ముందే వేరే రాష్ట్రంలోని కంపెనీ ఒకటి కొనేసిందని ఆ కౌగిలించుకునేవాళ్ళలో ఒక్కరికి కూడా తెలియదు. మోసంలో ఇది మన దగ్గరకంటే ఒక మెట్టు పైన. అక్కడ దొంగ ముసుగు వేసుకోడు. ఇక్కడ మన పక్కింటావిడ మొహమే వేసుకొస్తాడు.

నా పని స్క్రిప్టులు రాయడం, ఏ వార్త తర్వాత ఏ వార్త రావాలో పేర్చడం. రోజూ హెడ్డాఫీసు నుంచి ఒక ముక్క వచ్చేది. అది తప్పకుండా వేయాలి. పగిలిన అద్దాలు, తగలబడుతున్న చెత్త డబ్బా, ఎక్కడో ఏదో నగరం. దేశమంతటా వాళ్ళ ఛానెళ్ళన్నిటిలో యాంకర్లు దానికి ముందు ఒకే రెండు వాక్యాలు చదివేవాళ్ళు. మొదటి నెల నాకు సిగ్గేసింది. మూడో నెలకి అది వచ్చే టైమ్ నాకు కాఫీ టైమ్ అయింది.

ఇక ఆ రోజు సంగతి. మూడేళ్ళ కిందటి మాట.

పిన్ని పనిచేసే చోట ఒక్కో వార్డులో షిఫ్టుకి పద్దెనిమిది మంది ముసలివాళ్ళకి ఒక్క అసిస్టెంట్. ఒకాయన బాత్రూమ్‌లో పడి, చాలాసేపు ఎవరికీ తెలియక అక్కడే ఉండిపోయాడు. ఆయన్ని లేపింది పిన్నే. ఆ సాయంత్రం మా ఇంటికొచ్చి, చేతులు కడుక్కుని, మళ్ళీ కడుక్కుని, "ఆయన నాకు సారీ చెప్పాడే," అంది. "నేల మీద పడున్నోడు, నేను ఆలస్యంగా వెళ్తే, నాకే సారీ చెప్పాడు."

తర్వాతి వారం వాళ్ళందరూ కలిసి నిర్ణయించుకున్నారు. పొద్దుటి షిఫ్టు మూడింటికి అయిపోతుంది. పూర్తి పని చేసి, తర్వాతి షిఫ్టు వాళ్ళకి అప్పగించి, అప్పుడు బయట ఫుట్‌పాత్ మీద నిలబడాలని. ఒక్క ముసలి మనిషిని కూడా ఒక్క నిమిషం వదిలి రాలేదు వాళ్ళు. ఇది గుర్తుపెట్టుకోండి. షిఫ్టుకి ఇంకొక్క మనిషిని పెట్టండి, అంతే వాళ్ళు అడిగింది. పిన్ని పట్టుకున్న అట్ట మీద పెద్దగా ఒకటి, పక్కన పద్దెనిమిది. వేరే అక్షరాలేమీ లేవు.

పొద్దున మీటింగ్‌లో ఆ వార్త చెప్పింది నేనే. మంచిపని చేస్తున్నాననుకున్నాను. పిన్ని సంగతి మాత్రం చెప్పలేదు. మా న్యూస్ డైరెక్టర్, అంటే వార్తల విభాగానికి పెద్ద, సరేనన్నాడు. కెమెరా వెళ్ళింది. ఈలోగా రెండింటికే, వాళ్ళింకా బయటికి రాకముందే, నర్సింగ్ హోమ్ యాజమాన్యం నుంచి నీటుగా టైప్ చేసిన స్టేట్‌మెంట్ వచ్చింది. వర్కర్ల దగ్గర్నుంచి ఏమీ రాలేదు. వాళ్ళు ఆ టైమ్‌లో ఎవరికో అన్నం తినిపిస్తున్నారు.

న్యూస్ డైరెక్టర్ నా డెస్క్ దగ్గరికొచ్చి, "యాజమాన్యం మాట పైన పెట్టు. పాపం ఆ ముసలివాళ్ళ కోణంలో చెబుదాం. చూసేవాళ్ళకి అదే కనెక్ట్ అవుతుంది," అన్నాడు. చాలా మెత్తగా అన్నాడు. ఎడిటర్ మూడు సెకన్ల షాట్ ఒకటి చూపించాడు. కిటికీ అద్దం వెనక ఒక ముసలావిడ, నోరు కాస్త తెరిచి, కళ్ళు వెడల్పు చేసి చూస్తోంది. ఐదింటి బులెటిన్‌కి ఇంకా నలభై నిమిషాలుంది. నేను రాశాను. తెలుగులో చెప్పాలంటే ఇదీ ఆ వాక్యం: "సిబ్బంది రోడ్డెక్కడంతో, కిటికీల వెనక నుంచి భయంభయంగా చూస్తూ ఉండిపోయిన వృద్ధులు."

యాంకర్ దాన్ని తల కొంచెం పక్కకి వంచి, జాలిగా చదివింది. మొత్తం ఇరవై రెండు సెకన్లు.

ఆ సాయంత్రం వాట్సాప్ గ్రూపు. "ఆంటీకి ఇదంతా అవసరమా?" "గ్రీన్ కార్డ్ హోల్డర్ కాబట్టి తను సేఫ్. హెచ్-1బి వాళ్ళం, మనకి కదా బ్యాడ్ నేమ్." "టీవీలో చూశాను, పాపం ఆ ఓల్డ్ పీపుల్ భయపడిపోతున్నారు." ఆ చివరి ముక్క చూశాక నేను ఫోన్ బోర్లా పెట్టేశాను. అది నా వాక్యం. నా దగ్గర్నుంచి వెళ్ళి, మా పక్క బిల్డింగ్ దాకా తిరిగి, మళ్ళీ నా దగ్గరికే వచ్చింది.

మర్నాడు పిన్ని పని నుంచి నేరుగా మా ఇంటికొచ్చింది. కూర్చోలేదు. గొంతు పూర్తిగా పోయి ఉంది, గుసగుసలా మాట్లాడింది.

"నేను సౌండ్ లేకుండా చూశాను. మా ఘానా ఆవిడ చెప్పింది వాళ్ళేం చదివారో." ఘానా ఆవిడంటే పిన్నితో పాటే పనిచేసే ఆవిడ, ఇద్దరూ ఒకే వారంలో చేరారు. "ఎవరు రాశారే అది?"

"నేనే పిన్నీ."

ఆవిడ తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

"ఆ కిటికీలో ఆవిడ పన్నెండో గది ఆవిడ. ఒక కన్ను కనపడదు. అయినా నన్ను పోల్చుకుని చెయ్యి ఊపింది. నవ్వుతూ, టేబుల్ మీది నాప్‌కిన్ తీసి జెండాలాగా ఊపింది. మీవాడు ఎదురుగా నిలబడి అంతా తీశాడు, నేను చూస్తూనే ఉన్నాను. మరి చెయ్యేది? చెయ్యి కోసేసి మొహం ఒక్కటే ఉంచారేంటే?"

"నేను చూడలేదు పిన్నీ. మూడు సెకన్లే చూపించారు."

"మూడు సెకన్లు చూసి భయం అని రాశావా?" అంది. "ఇరవై ఏళ్ళు నర్సుగా చేశాను. భయపడే మొహం నాకు తెలుసు. నీకూ తెలుసు. నువ్వు చూడదల్చుకోలేదు."

ఆఫీసుకెళ్ళి కెమెరామన్ తీసిన ముడి ఫుటేజ్ అంతా తెరిచాను. ఉంది. నాప్‌కిన్ ఊపుతోంది. అద్దానికి అటు నుంచి ఏదో అరుస్తోంది, పళ్ళు లేని నోరంతా నవ్వు. మేము వాడుకున్న మూడు సెకన్లు, ఊపీ ఊపీ అలిసిపోయి, చెయ్యి దించి, ఊపిరి పీల్చుకుంటున్నప్పటివి.

సరిచేయండి, సవరణ వేయండి అని న్యూస్ డైరెక్టర్‌ని అడిగాను. "చూద్దాం," అన్నాడు.

ఈలోగా నర్సింగ్ హోమ్ వాళ్ళు పిన్నికి హెచ్చరిక లెటర్ ఇచ్చారు. సంస్థ పేరు చెడగొట్టిందని. ఆ ఆదివారం మా డైనింగ్ టేబుల్ మీద పరిచి, అందులో మాటలకి నన్ను అర్థాలు అడుగుతోంది. లెటర్ అడుగున చిన్న అక్షరాల్లో ఒక అడ్రస్. వేరే రాష్ట్రంలో ఏదో బిల్డింగ్, ఏదో ఫ్లోర్. ఆ అడ్రస్‌ని నేను అంతకు రెండ్రోజుల ముందే చూశాను. ఇక్కడ ప్రతి టీవీ ఛానెలూ తనకి యజమాని ఎవరో ప్రభుత్వానికి కాగితం ఇవ్వాలి. అది ఇంటర్నెట్‌లో ఎవరైనా చూడొచ్చు. ఎవరూ చూడరు. కోపంతో నేను వెతికాను. ఒక కంపెనీ కడుపులో ఇంకో కంపెనీ, దాని కడుపులో మరొకటి, చివరికి ఒక పెట్టుబడి సంస్థ. ప్రింటవుట్ తెచ్చి పిన్ని లెటర్ పక్కన పెట్టాను. అదే బిల్డింగ్. అదే ఫ్లోర్. అదే పేరు.

పిన్ని కళ్ళజోడు పెట్టుకుని, వేలు పెట్టి, ఒక్కొక్క అంకె సరిచూసింది. తర్వాత నవ్వింది.

"అంటే నాకూ నీకూ దొర ఒక్కడేనా?"

"ఒక్కడే పిన్నీ."

"మరి వాడు నీకు ఫోన్ చేసి చెప్పాడా, ఇట్లా రాయమని?"

"లేదు. ఎవరూ ఫోన్ చెయ్యలేదు."

"మీ పెద్దాయనకి?"

"ఆయనకీ చేసి ఉండరు."

ఆవిడ మొహంలో ఆ నవ్వు పోయింది. "చెప్పకుండానే రాశావా," అంది. "మా అమ్మమ్మ వాళ్ళ ఊళ్ళో దొర గడీ ముందు నుంచి పోయేటప్పుడు చెప్పులు తీసి చేత పట్టుకునేవాళ్ళంట. దొర ఊళ్ళో లేకపోయినా తీసేవాళ్ళంట."

అంతకంటే బాగా ఈ విషయం నాకు ఎవరూ చెప్పలేదు, ఏ జర్నలిజం క్లాసులోనూ. యజమాని మా దాకా రానక్కర్లేదు. మా ఆఫీసులో మనుషుల్ని సగానికి తగ్గించేస్తే చాలు, కెమెరామన్ నలభై నిమిషాల్లో ఇంకో చోటికి పరిగెత్తాలి. యాజమాన్యం మాట టైప్ అయి వస్తుంది, అడ్డదిడ్డంగా మాట్లాడే పనివాళ్ళ మాట కోసం ఆగే తీరిక ఉండదు. రోజూ పగిలిన అద్దాలు చూపిస్తూ ఉంటే, రోడ్డు మీద నిలబడ్డ ఎవరిని చూసినా, రాసేవాడి చేతికి భయం అనే మాటే ముందు తగులుతుంది. ఇక ఫోన్ ఎందుకు?

సోమవారం ఆ రెండు కాగితాలూ తీసుకెళ్ళి న్యూస్ డైరెక్టర్ బల్ల మీద పెట్టి, ఆ లెటర్ మా పిన్నిదని చెప్పాను. ఆయన చదివాడు. నెమ్మదిగా రెండింటినీ బోర్లా తిప్పాడు.

"మీ ఆంటీ అక్కడ పనిచేస్తుందని ముందే ఎందుకు చెప్పలేదు? సొంతవాళ్ళున్న వార్త రాశావు. ఇది కాన్‌ఫ్లిక్ట్ ఆఫ్ ఇంట్రెస్ట్," అన్నాడు.

నాకు! నా బంధువు ఉండటం తప్పట. ఛానెల్, నర్సింగ్ హోమ్ రెండూ ఒకడి జేబులో ఉండటం తప్పు కాదట, దాన్ని చూసేవాళ్ళకి చెప్పకపోవడం తప్పు కాదట. చెప్పాల్సింది చెప్పలేదన్న మాట మటుకు నిజమే, నేను చెప్పలేదు. ఆ ఒక్క నిజాన్ని పట్టుకుని మిగతా అంతా మూసేశాడు. సవరణ రాలేదు. ఆయనకి కాలేజీలో పిల్లలున్నారు, ఇంటి అప్పు ఉంది అని అప్పట్లో జాలిపడ్డాను. ఇప్పుడు ఆ జాలి వెనక్కి తీసుకుంటున్నాను.

పిన్ని ఊరుకోలేదు. డిక్షనరీ దగ్గర పెట్టుకుని, ఇంగ్లీషులో, గుండ్రంగా, స్కూలు పిల్లలా ఒక ఉత్తరం రాసింది. నాకు చూపించలేదు. ఒక రోజు షిఫ్టు అయ్యాక, యూనిఫామ్‌తోనే మా ఛానెల్ ఆఫీసుకి వచ్చి లాబీలో కూర్చుంది. నేను లోపల గాజు తలుపు అవతల ఉన్నాను. రిసెప్షనిస్ట్ ఉత్తరం తీసుకుని పక్కన పెట్టేసింది. పిన్ని కదలలేదు. అప్పుడు యాంకర్ బయటి నుంచి వచ్చింది. బోర్డు మీది నవ్వు మొహం. పిన్ని లేచి ఎదురెళ్ళింది.

"మీరు ఆవిడ భయపడింది అన్నారు. ఆవిడ భయపడలేదు. నాకు చెయ్యి ఊపింది," అంది ఇంగ్లీషులో. వచ్చేముందు ఎన్నిసార్లు అనుకుని ఉంటుందో, ఒక్క తప్పు లేదు.

యాంకర్ ఆగింది. పిన్ని భుజం మీద చెయ్యి వేసింది. "మా వార్తలు చూస్తున్నందుకు థాంక్యూ!" అని, నవ్వి, లోపలికి వచ్చేసింది. నా పక్క నుంచే వెళ్ళింది. సెంటు వాసన.

నేను తలుపు తియ్యలేదు. రాస్తున్నాను కాబట్టి ఇది కూడా రాయాలి. మా పిన్ని లాబీ మధ్యలో ఒక్కత్తే నిలబడి ఉంటే, నేను మెడలో ఐడీ కార్డు వేసుకుని, గాజు తలుపు వెనక, నిలబడి చూశాను. తర్వాత ఎప్పుడూ ఆవిడ ఆ మాట ఎత్తలేదు. నన్ను చూసిందో లేదో ఇప్పటికీ తెలియదు.

నర్సింగ్ హోమ్ వాళ్ళు పిన్నిని తీసేయలేదు. వారానికి ఒక్క షిఫ్టు చొప్పున వేశారు, బతకడానికి చాలకుండా. ఆవిడే మానేసి, ఇళ్ళకి వెళ్ళి ముసలివాళ్ళని చూసుకునే పనిలో చేరింది. ఆ చలికాలంలో పన్నెండో గది ఆవిడ పోయింది. చివరిచూపుకి వెళ్తే పిన్నిని గేటు దగ్గరే ఆపేశారు.

నేను ఆ ఛానెల్లోనే ఉన్నాను. ఇంకో ఎనిమిది నెలలు. వర్క్ పర్మిట్ మళ్ళీ రెన్యువల్ చేయించుకోవాలి, ఇంకో న్యూస్ ఉద్యోగం దొరకదు, లోపల ఉంటేనే ఏమైనా చేయగలను. అన్నీ చెప్పుకున్నాను. చేసింది ఏమీ లేదు.

ఎండాకాలంలో నర్సింగ్ హోమ్ వాళ్ళు షిఫ్టుకి ఒక మనిషిని పెంచారు. ముసలివాళ్ళ పిల్లలు గొడవ చేశారు, ఇన్‌స్పెక్షన్ వాళ్ళు వచ్చారు, తప్పలేదు. పిన్ని, ఘానా ఆవిడ, ఆ ఎండలో నిలబడ్డవాళ్ళు అడిగింది సరిగ్గా అదే. ఆ పొద్దున మీటింగ్‌లో న్యూస్ డైరెక్టర్ ఉత్సాహంగా చెప్పాడు: మంచి వార్త ఒకటుంది, మన ప్రాంతంలో ఒక నర్సింగ్ హోమ్ వృద్ధుల కోసం సంరక్షణ పెంచుతోంది, యాంకర్ స్వయంగా వెళ్తుంది, రెండు నిమిషాలు ఇద్దాం. నా వైపు తిరిగి, "నువ్వు రాయి. నీకు ఆ చోటు తెలుసు కదా," అన్నాడు. ఎగతాళి చేశాడేమో అని మొహం చూశాను. లేదు. మర్చిపోయాడు. అదే ఎక్కువ మండింది నాకు. గుర్తుపెట్టుకుని చేసిన పాపానికైనా ఒక గౌరవం ఉంటుంది.

బ్యాగు తీసుకుని పార్కింగ్‌లోకి వచ్చేశాను. పిన్నికి ఫోన్ చేసి, "మానేశాను పిన్నీ. వచ్చేశాను," అన్నాను.

"ఏమైంది?"

చెప్పాను.

"రాయనని చెప్పి వచ్చావా, చెప్పకుండా వచ్చావా?"

"చెప్పలేదు. లేచి వచ్చేశా."

"అయితే వెనక్కి వెళ్ళు," అంది. "వెళ్ళి, అందరూ ఉన్నప్పుడు, ఎందుకు రాయవో చెప్పి రా. ఊరికే లేచి వస్తే నీకు ఒంట్లో బాలేదనుకుంటారు."

వెళ్ళాను. అందరి ముందూ చెప్పాను. ఆ బిల్డింగ్ పేరు, ఫ్లోరు నంబరు, నాప్‌కిన్ సంగతి, నా వాక్యం సంగతి. ఇంగ్లీషు తడబడింది. ఒకరిద్దరు తల దించుకున్నారు. కెమెరామన్ ఒక్కడు నా కళ్ళలోకి చూశాడు. సాయంత్రం వార్త వచ్చింది. వేరే ఎవరో రాశారు. రెండు నిమిషాలు, రిబ్బన్, పూలు, యాంకర్ ఒక ముసలాయన పక్కన వంగి ఫోటో. వర్కర్లు అడిగారన్న మాట ఎక్కడా లేదు. పిన్ని ఆ వార్త చూసింది, ఎప్పట్లాగే సౌండ్ తీసేసి. "షిఫ్టుకి ఇద్దరయ్యారు. ఆ ముసలోళ్ళకి మేలే," అంది. టీవీ కట్టేసి, "అయినా నాకు కోపం తగ్గదే. తగ్గించుకోను కూడా," అంది.

ఇప్పుడు నేను ఒక లైబ్రరీలో పనిచేస్తున్నాను. ఆ ఛానెల్ నడుస్తూనే ఉంది. ఆ బోర్డు మీద నవ్వు అలాగే ఉంది. దేశంలో ఎక్కడ జనం వీధిలోకి వచ్చినా కెమెరా పోలీసోళ్ళ పక్కే నిలబడి ఉంది. పిన్ని పోయిన వార్త దాంట్లో రాలేదు. రాకపోవడమే మంచిది. ఏ మూడు సెకన్లు వాడుకునేవాళ్ళో.

అంత్యక్రియలు శనివారం, ఫ్యూనరల్ హోమ్ హాల్లో. మా గ్రూపువాళ్ళు చాలామంది వచ్చారు, తెల్ల చొక్కాలు వేసుకుని, బాబాయి చేతులు పట్టుకుని "చాలా సాఫ్ట్ మనిషి అంకుల్" అన్నారు. బాబాయి తలూపాడు. నేను అన్నాను, కాస్త గట్టిగానే, "ఆవిడ సాఫ్ట్ కాదు" అని. పూజారి గారు మంత్రం ఆపి నా వైపు చూశారు.

మూడున్నర దాటాక తలుపు తెరుచుకుంది. నర్సింగ్ హోమ్‌లో షిఫ్టు దిగి నేరుగా వచ్చినవాళ్ళు తొమ్మిది మంది, నీలం యూనిఫామ్‌లలోనే, మెత్తటి బూట్లతో చప్పుడు లేకుండా లోపలికి వచ్చారు. ఎక్కడ నిలబడాలో తెలియక గోడ పక్కన నిలబడ్డారు. ఘానా ఆవిడ మాత్రం ముందుకి వచ్చింది. పిన్ని మొహం చూసింది. కుంకుమ వైపు చూసింది. తర్వాత ఆవిడ చూపు కిందికి జారి, కాళ్ళ దగ్గర ఆగింది. ఫ్యూనరల్ హోమ్ వాళ్ళు కప్పిన తెల్ల దుప్పటి పాదాల మీద బిగుతుగా లాగి దోపి ఉంది. ఆవిడ వంగి, రెండు చేతులతో దుప్పటి అంచు వదులు చేసి, వేళ్ళకి ఒత్తుకోకుండా పైకి లాగి, ఒక మడత పెట్టింది. మడత నిలుస్తుందో లేదో అరచేత్తో ఒకసారి నొక్కి చూసుకుని, వెళ్ళి మళ్ళీ గోడ పక్కన నిలబడింది.